కొటియాకు రెండు రాష్ట్రాలు, విమానానికి ఒక్క కంట్రోలర్

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులో కొటియా పంచాయతీ ఉంది. ఆంధ్ర లెక్కల్లో అదే ప్రాంతం సాలూరు మండలం కిందికి వస్తుంది. ఆ కొండల్లోని 21 ఊళ్లు తమవంటే తమవని రెండు రాష్ట్రాలు దశాబ్దాలుగా వాదించుకుంటున్నాయి. కేసు 1968లోనే సుప్రీంకోర్టుకు చేరింది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్లీ కోర్టు మెట్లెక్కింది. ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల కార్డులు ఉండడం అక్కడ వింతేమీ కాదు. రోడ్డు వేయడానికి ఒకరు వస్తే ఆపడానికి ఇంకొకరు వస్తారు. సరిహద్దు జిల్లాల్లో బతికేవాళ్లకు ఇది అలవాటైన సంగతి. నేల మీద ఇద్దరు యజమానులుంటే పనులు నత్తనడక నడుస్తాయి, జనం ఓపిక పడతారు, రోజులు గడిచిపోతాయి.

అదే కొండల మీద, పది పదకొండు కిలోమీటర్ల ఎత్తున, కోల్‌కతా నుంచి హైదరాబాద్‌కో భువనేశ్వర్ నుంచి బెంగళూరుకో జెట్ విమానాలు పోతుంటాయి. నిమిషానికి దాదాపు 14 కిలోమీటర్ల వేగం. కొరాపుట్ జిల్లా ఈ కొస నుంచి ఆ కొస దాటడానికి ఏడెనిమిది నిమిషాలు చాలు. ఎదురెదురుగా వస్తున్న రెండు విమానాల మధ్య తొమ్మిది కిలోమీటర్ల దూరం ఉన్నా, అది కరిగిపోవడానికి 20 సెకన్లు కూడా పట్టదు. కాబట్టి పైన ఇద్దరు యజమానుల పద్ధతి ఒక్క నిమిషం కూడా నడవదు. ఏ క్షణంలోనైనా ఒక విమానం ఒక్క కంట్రోలర్ చేతిలోనే ఉండాలి. ఆ కంట్రోలర్ ఎవరో విమానంలోని పైలట్‌కు తెలియాలి, పక్క గదిలోని మిగతా కంట్రోలర్లకూ తెలియాలి. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ (ఏటీసీ) అనగానే రాడార్లు, ఎత్తైన టవర్లు గుర్తొస్తాయి. అవన్నీ అవసరమే. కానీ ఈ వ్యవస్థకు వెన్నెముక మాత్రం ఈ విమానం ఇప్పుడు ఎవరిది అన్న ప్రశ్నకు ఎప్పుడూ ఒకే జవాబు ఉండడం.

మన దేశపు ఆకాశాన్ని ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై అనే నాలుగు పెద్ద గగనతల ప్రాంతాలుగా విభజించారు. ఈశాన్యానికి గువాహటి ఉపకేంద్రం ఉంది. భువనేశ్వర్ కోల్‌కతా ప్రాంతంలోకి వస్తుంది. హైదరాబాద్ చెన్నై కిందికి, నాగపూర్ ముంబై కిందికి వస్తాయి. ఆంధ్ర, ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు గీతలకూ పైన గీసిన ఈ గీతలకూ పొత్తు లేదు. భాషను బట్టో, కోర్టు తీర్పును బట్టో వీటిని గీయలేదు. విమానాలు నడిచే దారులు, రేడియో, రాడార్ అందే దూరాలు చూసి గీశారు. ఒక్కో ప్రాంతంలో మళ్లీ సెక్టార్లు ఉంటాయి. ఒకే చోట కింది ఎత్తులు ఒక కంట్రోలర్ చూస్తే, పై ఎత్తులు ఇంకొకరు చూడొచ్చు. అంటే రాయగడ మీద ఒకే సమయంలో రెండు విమానాలు కనిపించినా, వాటితో మాట్లాడేది ఒకే మనిషి కావాలని లేదు.

రాయగడ, కొరాపుట్, పర్లాకిమిడి వైపు నుంచి విమానం ఎక్కాలంటే చాలామందికి విశాఖపట్నమే దిక్కు. అక్కడ ఇంకో సంగతి ఉంది. ఆ రన్‌వే నౌకాదళానిది, ఐఎన్ఎస్ డేగా అనే స్థావరంలో భాగం. ప్రయాణికుల విమానాలకు దిగమనో ఎగరమనో అనుమతి ఇచ్చేది నౌకాదళ కంట్రోలరే. నౌకాదళ హెలికాప్టరూ ఢిల్లీ వెళ్లే ఎయిర్‌బస్సూ అదే రన్‌వేను పంచుకుంటాయి. యూనిఫాం వేరు కావచ్చు గానీ రన్‌వేకు మాత్రం ఒకే గొంతు. అక్కడ ఎగిరిన విమానం మొదట టవర్ చేతిలో ఉంటుంది. కాస్త ఎత్తుకు వెళ్లాక అప్రోచ్ కంట్రోలర్‌కు, ఇంకా పైకి వెళ్లాక ఏరియా కంట్రోలర్‌కు చేరుతుంది. ఏరియా కంట్రోల్ గదికి కిటికీ కూడా ఉండనక్కర్లేదు, విమానాన్ని కంటితో చూసే పనే లేదు కాబట్టి.

ఈ చేతులు మారే ఘట్టంలోనే పనితనమంతా ఉంది. విమానం హద్దుకు చేరడానికి కొన్ని నిమిషాల ముందే మొదటి కేంద్రం రెండో కేంద్రానికి కబురు పంపుతుంది. ఫలానా విమానం, ఫలానా ఎత్తులో, ఫలానా బిందువును ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకు దాటుతుందని చెబుతుంది. ఆ బిందువులకు పలకడానికి వీలైన అయిదేసి ఇంగ్లిషు అక్షరాల పేర్లుంటాయి. రెండో కేంద్రానికి ఆ ఎత్తులో అప్పటికే ఇంకో విమానం ఉంటే, ఈ ఎత్తు వద్దు, రెండు వేల అడుగులు కిందికి దించి పంపమంటుంది. అవతలివాళ్లు సరే అన్నాకే మొదటి కంట్రోలర్ పైలట్‌కు కొత్త ఫ్రీక్వెన్సీ ఇస్తాడు. పైలట్ ఆ అంకెలు తిరిగి చెప్పి, రేడియో మార్చి, కొత్త కంట్రోలర్‌ను పిలుస్తాడు. పిలుపు అందకపోతే రెండు కేంద్రాలూ వెతుకులాట మొదలుపెడతాయి. పాత ఫ్రీక్వెన్సీలో పిలుస్తారు, అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5లో పిలుస్తారు, దగ్గర్లోని వేరే విమానం చేత కూడా పిలిపిస్తారు. చంటిబిడ్డను ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి ఇచ్చేటప్పుడు, అవతలివాళ్లు గట్టిగా పట్టుకున్నారని తెలిసేదాకా ఇచ్చేవాళ్లు వదలరు కదా, ఇదీ అంతే.

బయటివాళ్లకు తెలియని మెలిక ఒకటుంది. రేడియో మాట కొత్త కంట్రోలర్‌కు మారినంత మాత్రాన విమానం ఆయనది అయిపోదు. హద్దు దాటేదాకా అది పాత కంట్రోలర్ గగనతలంలోనే ఉంటుంది. అక్కడ పక్కన ఇంకే విమానాలున్నాయో తెలిసింది ఆయనకే. అందుకే కొత్త కంట్రోలర్ హద్దుకు ముందే దాన్ని పక్కకు తిప్పాలన్నా, ఎత్తు మార్చాలన్నా, పాత కంట్రోలర్‌ను అడిగి ఒప్పించుకోవాలి. దీన్ని వాళ్ల భాషలో రిలీజ్ అంటారు. రిలీజ్ లేకుండా తిప్పడం పక్కవాడి పొలంలో నాగలి పెట్టడంతో సమానం. రెండు కేంద్రాల మధ్య రాతపూర్వకంగా ఒప్పందాలుంటాయి. ఏ దారిలో ఏ ఎత్తున ఇవ్వాలి, ఎంత దూరం తేడాతో ఇవ్వాలి అన్నవి ముందే రాసుకుంటారు. కొటియా విషయంలో దశాబ్దాలుగా కుదరని ఒడంబడిక ఆకాశంలో ప్రతి హద్దు మీదా ఉంది. దాన్ని రోజూ, ప్రతి విమానానికీ పాటిస్తున్నారు.

ఇంతకీ విమానాల మధ్య ఎంత ఎడం ఉండాలి? ఎత్తులో తేడా వెయ్యి అడుగులు. 29 వేల అడుగులు దాటాక ఒకప్పుడు రెండు వేల అడుగులు ఉండేది, ఎందుకంటే ఆ ఎత్తులో గాలి పలచనై పాత ఎత్తుమీటర్ల కొలత అంత నమ్మకంగా ఉండేది కాదు. ఎత్తుమీటర్లు మెరుగుపడ్డాక, 2003 నవంబరు నుంచి మన ఆకాశంలోనూ 41 వేల అడుగుల దాకా వెయ్యి అడుగుల తేడా చాలన్నారు. దాంతో అవే దారుల్లో అదనంగా ఆరు ఎత్తులు దొరికాయి. ఎత్తు సమానమైతే పక్కకు దూరం కావాలి. రాడార్ కింద మామూలుగా అయిదు నాటికల్ మైళ్లు, విమానాశ్రయం దగ్గర మూడు. నాటికల్ మైలంటే 1.85 కిలోమీటర్లు. రాడార్ లేని చోట పది నిమిషాల ఎడం లాంటి పాత లెక్కలు వాడతారు. తూర్పు వైపు వెళ్లేవాటికి బేసి వేలు, పడమర వెళ్లేవాటికి సరి వేలు అన్నది మొదటి జాగ్రత్త. అందువల్ల ఒకే దారిలో ఎదురెదురుగా వచ్చే రెండు విమానాలు, ఎవరూ ఏమీ చెప్పకపోయినా, వేర్వేరు ఎత్తుల్లో ఉంటాయి.

దిగేటప్పుడు ఇంకో కొలత కూడా ఉంది. పెద్ద విమానం రెక్కల చివర్ల నుంచి సుడిగాలులు పుడతాయి, కొన్ని నిమిషాలు గాల్లోనే తిరుగుతుంటాయి. 136 టన్నులు, ఆపైన బరువుండే విమానం వెనక చిన్న విమానం దిగాలంటే ఆరు నాటికల్ మైళ్ల ఎడం ఇవ్వాలి.

ఇప్పుడు కొండల సంగతి. తూర్పు కనుమలు ఈ జిల్లాలకు అందం ఇచ్చాయి, కంట్రోలర్లకు మాత్రం పని పెంచాయి. కొరాపుట్ జిల్లా దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అదే ఎత్తైన శిఖరం. గజపతి జిల్లా మహేంద్రగిరి 1,501 మీటర్లు. పరికరాల ఆధారంగా ఎగిరే విమానానికి మైదానంలో అడ్డంకి కన్నా వెయ్యి అడుగులు, కొండ ప్రాంతంలో రెండు వేల అడుగులు పైన ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. దేవమాలికి ఈ లెక్క వేస్తే దాదాపు 7,500 అడుగులు వస్తుంది. మబ్బుల్లో ఉన్న విమానాన్ని ఆ చుట్టుపక్కల అంతకన్నా కిందికి దించడానికి కంట్రోలర్‌కు వీల్లేదు. పైలట్ ఎంత తొందరలో ఉన్నా సరే. ప్రతి విమానాశ్రయం చుట్టూ ఏ దిక్కున ఎంత ఎత్తు వరకు దించొచ్చో చూపే పటాలు ఇందుకే ఉన్నాయి.

కొండలు రాడార్‌నూ అడ్డుకుంటాయి. రాడార్ చూపు తిన్నగా పోతుంది, భూమితో పాటు వంగదు. 35 వేల అడుగుల ఎత్తులో ఉన్న విమానం, మధ్యలో అడ్డం లేకపోతే, దాదాపు 400 కిలోమీటర్ల దూరం నుంచి కూడా కనిపిస్తుంది. అదే విమానం అయిదు వేల అడుగుల్లో ఉంటే చదును నేల మీద కూడా ఆ దూరం 160 కిలోమీటర్లకు పడిపోతుంది. మధ్యలో కనుమలు నిలబడితే ఇంకా తగ్గుతుంది. 2022 చివర్లో కొరాపుట్ జిల్లాలోని జయపురం నుంచి తొమ్మిది సీట్ల సెస్నా గ్రాండ్ కారవాన్ సర్వీసు మొదలైంది. విశాఖ నుంచి జయపురానికి గీత గీస్తే 150 కిలోమీటర్లు ఉంటుందంతే, ఘాట్ రోడ్డులో బస్సెక్కినవాళ్లకు ఆ తేడా విలువ తెలుస్తుంది. కానీ అంత చిన్న విమానం పెద్ద జెట్‌లా 35 వేల అడుగుల్లో పోదు. కనుమలు దాటి లోయలోకి దిగుతున్నప్పుడు, సముద్రం వైపు నుంచి చూసే రాడార్‌కు అది కొండ వెనక్కి వెళ్లిపోవచ్చు. అప్పుడు పాత పద్ధతే శరణ్యం. ఎక్కడున్నదీ, ఎంత ఎత్తులో ఉన్నదీ, తర్వాతి చోటికి ఎన్నింటికి చేరేదీ పైలట్ నోటితో చెప్పాలి. కంట్రోలర్ ఆ వివరాలను ఒక్కో విమానానికి ఒక్కో స్ట్రిప్ మీద రాసుకుని, ఆ లెక్క మీదే మిగతావాటిని దూరంగా ఉంచుతాడు. తెర మీద చుక్క కనపడనంత మాత్రాన ఆ విమానం అనాథ కాదు.

పరికరాల సాయం లేని చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో దిగాలంటే పైలట్ కంటితోనే నేలను, రన్‌వేను చూడాలి. అలా ఎగరడానికి మామూలుగా అయిదు కిలోమీటర్ల దాకా కనిపించాలి. డిసెంబర్, జనవరి నెలల్లో కొరాపుట్ లోయల్లో పొద్దున పూట మంచు ఎంత దట్టంగా కమ్ముతుందో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో విమానం రద్దయితే ప్రయాణికులకు కోపం రావడం సహజం. ఆసుపత్రికి పోవాల్సినవాళ్లు ఉంటారు, ఇంటర్వ్యూకు పోవాల్సినవాళ్లు ఉంటారు. అయినా దేవమాలి పక్కన, కళ్లు కనపడని మంచులో దిగడానికి ప్రయత్నించకపోవడమే వాళ్లకు జరిగే మేలు. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి తయారుచేసిన గగన్ అనే ఉపగ్రహ వ్యవస్థ ఇలాంటి చోట్లకు ముందు ముందు చాలా ఉపయోగపడుతుంది. నేల మీద ఖరీదైన పరికరాలు లేకుండానే, జీపీఎస్ లెక్కలోని తప్పులను సరిదిద్ది, విమానాన్ని సరైన వాలులో రన్‌వే వైపు నడిపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం గగన్ సాయంతో దిగింది. కనుమల మధ్య ఉన్న ఊళ్లకు ఇలాంటి సదుపాయం అందరికన్నా ముందు రావాలి.

ఫోన్లో విమానాల యాప్ తెరిచి, తల మీద పోతున్నది ఎక్కడికెళ్తోందో చూసే కుర్రాళ్లు బరంపురంలోనూ ఉన్నారు, రాయగడలోనూ ఉన్నారు. ఆ చుక్కను కంట్రోలర్ చూసే తెరగా పొరబడొద్దు. యాప్‌లో కనిపించేదానిలో ఎక్కువ భాగం విమానం తనంతట తాను జీపీఎస్ చూసుకుని, తాను ఫలానా చోట ఉన్నానని ప్రసారం చేసే కబురే. ఏటీసీ కూడా దాన్ని వాడుతుంది. కానీ జీపీఎస్‌నే ఎవరైనా తప్పుదారి పట్టిస్తే విమానం చెప్పే చోటే తప్పవుతుంది. అందుకే తానే అడిగి జవాబు రాబట్టే రాడార్‌ను కూడా పక్కన ఉంచుకుంటారు.

ఎత్తు గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే ఈ తీరంలో అది తుపానులతో ముడిపడి ఉంది. విమానంలోని ఎత్తుమీటర్ నిజానికి ఎత్తును కొలవదు, గాలి ఒత్తిడిని కొలిచి దాన్ని అడుగుల్లో చూపిస్తుంది. సముద్రమట్టం దగ్గర ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ మారితే సుమారు 27 అడుగుల తేడా వస్తుంది. మామూలు ఒత్తిడి 1013 అనుకుందాం. బంగాళాఖాతంలో వాయుగుండం ముదిరి, తీరంలో ఒత్తిడి 993కి పడిపోయింది. పైలట్ మీటర్‌ను పాత అంకె మీదే వదిలేస్తే, అది చూపించే ఎత్తు కన్నా విమానం నిజంగా 500 అడుగులకు పైగా కిందున్నట్టు లెక్క. మబ్బుల్లో కొండ వైపు దిగుతున్న విమానానికి ఆ అయిదొందల అడుగులే ప్రాణం. అందుకే దిగే ప్రతి విమానానికీ కంట్రోలర్ అప్పటి ఒత్తిడి అంకె చెబుతాడు, పైలట్ దాన్ని తిరిగి చెప్పాలి. బాగా పైకి వెళ్లాక స్థానిక ఒత్తిడితో పని లేదు. ఒక నిర్ణీత ఎత్తు దాటాక అందరూ 1013కే పెట్టుకుంటారు. మీటర్లన్నీ ఒకే తప్పు చూపిస్తే వాటి మధ్య తేడా తప్పు కాదు కదా. ఆ ఆలోచనలోని తేట చాలా గొప్పది.

2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్, 2014 అక్టోబరులో విశాఖ మీద హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళం, గజపతి జిల్లాలను ముంచిన తిత్లీ. ఈ పేర్లు వింటే ఇక్కడివాళ్లకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. హుద్‌హుద్ దెబ్బకు విశాఖ విమానాశ్రయం టెర్మినల్ బాగా దెబ్బతిని, కొన్ని రోజుల పాటు విమానాలు ఆగిపోయాయి. తుపాను రోజుల్లో ఏటీసీ పని ఆ ఒక్క విమానాశ్రయంతో అయిపోదు. అక్కడికి రావాల్సిన విమానాలను ఇతర ఊళ్లకు మళ్లించాలి, మేఘాలను తప్పుకోవడానికి ఎడమకో కుడికో జరగనివ్వమని ఒక్కో పైలట్ అడుగుతుంటే, జరిగిన చోట ఇంకొకరు లేకుండా చూడాలి.

మాట విషయం వేరే చెప్పుకోవాలి. బరంపురం బజారులో బేరం ఒడియాలో మొదలై తెలుగులో ముగుస్తుంది, మధ్యలో రెండు హిందీ ముక్కలు పడతాయి. ఎవరికీ ఇబ్బంది ఉండదు, ముఖం చూసి మిగతాది అర్థం చేసుకుంటారు. రేడియోలో ముఖం కనపడదు. అందుకే అక్కడ మాటలు కొద్దిగా ఉంటాయి, ఒక్కో మాటకు ఒకే అర్థం ఉంటుంది. ఫిఫ్టీన్, ఫిఫ్టీ తారుమారు కాకుండా అంకెలను విడివిడిగా వన్ ఫైవ్ జీరో అంటారు. కంట్రోలర్ దిగమన్న ఎత్తును పైలట్ తిరిగి చెప్పాలి. చెప్పింది సరిగ్గా ఉందో లేదో కంట్రోలర్ చెవి పెట్టి వినాలి. తిరిగి చెప్పించడం కన్నా తిరిగి వినడమే కష్టం, ఎందుకంటే మనసు తాను చెప్పిందే వినిపించిందనుకుంటుంది.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో, పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్ అనుమతి రాకుండానే ఒక విమానం పరుగు తీసింది. ఆ పైలట్ అన్న మాటను టవర్ ఒక రకంగా అర్థం చేసుకుంది, వెంటనే రెండు రేడియోలు ఒకేసారి మాట్లాడడంతో ముఖ్యమైన హెచ్చరిక కీచు శబ్దంలో కలిసిపోయింది. అప్పటినుంచి టేకాఫ్ అన్న మాటను నిజంగా అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా ఇచ్చిన అనుమతిని రద్దు చేసేటప్పుడు తప్ప వాడకూడదని నియమం పెట్టారు. మిగతా సందర్భాల్లో డిపార్చర్ అంటారు.

మన దేశంలో మరచిపోలేని రోజు 1996 నవంబరు 12. ఢిల్లీ నుంచి ఎగిరిన సౌదీ బోయింగ్ 747ను 14 వేల అడుగుల దగ్గర ఆగమన్నారు. ఢిల్లీకి వస్తున్న కజకిస్థాన్ ఇల్యూషిన్‌ను 15 వేల అడుగుల దగ్గర ఆగమన్నారు. రెండోది ఆగలేదు, కిందికి జారింది. హరియాణాలోని చర్ఖీ దాద్రీ మీద రెండూ ఢీకొని 349 మంది చనిపోయారు. సౌదీ విమానంలో చాలామంది పొట్ట చేతబట్టుకుని గల్ఫ్‌కు బయల్దేరిన మన దేశస్థులు. అప్పట్లో ఢిల్లీలో రాకకూ పోకకూ ఒకే దారి ఉండేది. విమానం ఎక్కడుందో చూపే ప్రైమరీ రాడార్ ఉంది గానీ, ఎంత ఎత్తులో ఉందో చెప్పే సెకండరీ రాడార్ ఇంకా పనిలోకి రాలేదు. కంట్రోలర్ సరైన ఎత్తులే ఇచ్చాడు, అవి తప్పుతున్నాయని చూసే కన్ను మాత్రం ఆయనకు లేదు. ఆ తర్వాత రాకపోకల దారులు విడగొట్టారు. దగ్గరికి వస్తున్న మరో విమానాన్ని పసిగట్టి పైలట్‌ను హెచ్చరించే టీకాస్ పరికరాన్ని తప్పనిసరి చేశారు.

ఆ టీకాస్ రాకతో కొత్త చిక్కు వచ్చింది. కంట్రోలర్ ఒకటి చెప్పి, పరికరం ఇంకొకటి చెబితే? 2002 జులై 1 రాత్రి జరిగింది అదే. జర్మనీలోని ఊబర్‌లింగెన్ పట్టణం మీద, 36 వేల అడుగుల ఎత్తులో, రష్యా నుంచి స్పెయిన్‌కు వెళ్తున్న టుపొలెవ్ విమానం, డీహెచ్ఎల్ సరుకుల బోయింగ్ ఒకదానికొకటి అడ్డంగా వస్తున్నాయి. నేల జర్మనీది, పైన ఆకాశం చూసేది స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ కేంద్రం. ఆ రాత్రి అక్కడ ఒకే కంట్రోలర్ రెండు తెరలు చూసుకుంటున్నాడు. మరమ్మతుల వల్ల ఢీకొనే ప్రమాదాన్ని తెర మీద ముందే చూపే హెచ్చరిక పనిచేయడం లేదు, ప్రధాన ఫోన్ లైను కూడా లేదు. జర్మనీలోని కార్ల్స్‌రూ కేంద్రంలో ఇంకో కంట్రోలర్ తన తెర మీద ప్రమాదాన్ని చూశాడు. జ్యూరిక్‌కు మళ్లీ మళ్లీ ఫోన్ చేశాడు, కలవలేదు. ఆ విమానాలు ఆయనవి కావు.

చివరి నిమిషంలో జ్యూరిక్ కంట్రోలర్ గమనించి టుపొలెవ్‌ను కిందికి దిగమన్నాడు. అదే సమయానికి ఆ విమానంలోని టీకాస్ పైకి ఎక్కమంది. బోయింగ్‌లోని టీకాస్ దిగమంది. బోయింగ్ పరికరం మాట విని దిగింది. టుపొలెవ్ మనిషి మాట విని దిగింది. రెండూ కిందికే. 71 మంది చనిపోయారు, వాళ్లలో సెలవులకు బయల్దేరిన బడిపిల్లలు ఎక్కువ. ఇద్దరూ దురుద్దేశంతో చేసింది ఏమీ లేదు, ఇద్దరూ తమకు చెప్పినదాన్నే పాటించారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మనవాళ్లు అంటారు. ఆ రాత్రి ఒక విమానానికి రెండు గొంతులు వినిపించాయి.

ఆ తర్వాత నియమాన్ని ఎలాంటి సందేహానికీ తావు లేకుండా రాశారు. టీకాస్ ఎక్కమంటే ఎక్కాలి, దిగమంటే దిగాలి, కంట్రోలర్ అప్పుడే వేరే మాట చెప్పినా సరే. పైలట్ టీకాస్ ఆర్‌ఏ (అంటే పరికరం ఆదేశం ఇచ్చిందని) అని ఒక్క మాట అనగానే కంట్రోలర్ ఆ విమానానికి ఎత్తు మార్చే ఆదేశాలు ఆపేస్తాడు. ప్రమాదం తప్పిందని, తిరిగి పాత ఎత్తుకు వస్తున్నానని పైలట్ చెప్పేదాకా ఆ విమానం పరికరం మాట మీద నడుస్తుంది. కంట్రోలర్ చేయి వదిలిపెట్టాల్సింది ఆ కొద్ది క్షణాలే. అక్కడా సూత్రం మారలేదు, ఒకే గొంతు. ఎవరిదన్నది మాత్రమే మారింది.

భద్రత అనేది చాలాసార్లు ఆలస్యం రూపంలో కనిపిస్తుంది. 2025 నవంబరు 6, 7 తేదీల్లో ఢిల్లీలో 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. రాడార్లు, రేడియోలు కాదు చెడింది, ఫ్లైట్ ప్లాన్ల కబుర్లను కేంద్రాలకు చేరవేసే ఆటోమేటిక్ మెసేజ్ స్విచింగ్ వ్యవస్థ. ప్లాన్ అందకపోతే ఫలానా విమానం ఏ దారిన వస్తుందో, ఎవరి చేతికి వెళ్లాలో కంట్రోలర్‌కు తెలియదు. ఆ వివరాలు చేత్తో నింపుకుంటూ, విమానాలను తక్కువ తక్కువగా వదిలారు. విమానాశ్రయంలో కూర్చున్నవాళ్లకు టెన్షనే, కానీ చేతులు మార్చే వ్యవస్థ మందగించినప్పుడు రాకపోకలనూ మందగింపజేయడమే సరైన పని.

గంజాం వాసులకు ఇంకో అనుభవం ఉంది. గోపాల్‌పూర్‌లో సైన్యపు ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, ఒడిశా తీరంలో పైకి పోతే చాందీపూర్, కలాం దీవి క్షిపణి పరీక్షలకు పేరు పొందాయి. పరీక్ష జరిగే రోజుల్లో ముందుగానే నోటామ్, అంటే పైలట్లకు ఇచ్చే నోటీసు, జారీ అవుతుంది. ఫలానా తేదీ, ఫలానా గంటల మధ్య, ఈ హద్దుల్లో ఈ ఎత్తు దాకా ఎవరూ రావద్దని అందులో ఉంటుంది. ఆ గంటల్లో ఆ ముక్క ఆకాశం సైన్యానిది, దారులు పక్కకు జరుగుతాయి. సమయం ముగిశాక మళ్లీ పౌర కంట్రోలర్‌ది. ఇక పెళ్లి వీడియోల డ్రోన్ల గురించి ఒక మాట. 2021 డ్రోన్ నియమాల ప్రకారం విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా ఎగరేయకూడదు, 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అనుమతి లేకుండా 200 అడుగులు దాటకూడదు. తొమ్మిది సీట్ల విమానం ముందు డ్రోన్ చిన్న వస్తువు కాదు.

విజయనగరం జిల్లా భోగాపురం కొత్త విమానాశ్రయంతో ఈ ప్రాంతపు ఆకాశపు పటం మళ్లీ గీయాల్సి వస్తుంది. విశాఖ నౌకాదళ స్థావరానికీ భోగాపురానికీ మధ్య దూరం తక్కువ. ఎక్కే దారులు, దిగే దారులు, నౌకాదళం వాడే గగనతలం, వీటి మధ్య కొత్త హద్దులు, కొత్త ఒప్పందాలు కావాలి. రాయగడ, పర్లాకిమిడి జనానికి అది దగ్గరైన విమానాశ్రయం కాబట్టి, టెర్మినల్ ఎంత అందంగా ఉందన్నదాని కన్నా ఈ కంటికి కనపడని గీతల గురించి పట్టించుకోవడం వాళ్లకే ఎక్కువ అవసరం.

ఈ పనిలోకి వచ్చేది గణితం, ఫిజిక్స్‌తో బీఎస్సీ చదివినవాళ్లు, ఇంజినీర్లు. ప్రయాగ్‌రాజ్, హైదరాబాద్, మహారాష్ట్రలోని గోందియాలో శిక్షణ కేంద్రాలున్నాయి. పర్లాకిమిడి కాలేజీలో చదివిన అమ్మాయికీ ఆ తలుపు తెరిచే ఉంది. కానీ శిక్షణ పాసవగానే ఎక్కడైనా కూర్చోవచ్చని కాదు. ఒక్కో చోటికి, ఒక్కో సెక్టార్‌కు, అనుభవజ్ఞుల పక్కన కూర్చుని నేర్చుకుని విడిగా రేటింగ్ తెచ్చుకోవాలి. ఢిల్లీలో పదేళ్లు చేసినవాళ్లు కోల్‌కతా వెళితే మళ్లీ మొదట్నుంచి ఆ ఆకాశాన్ని నేర్చుకోవాల్సిందే. మైకు ముందు ఏకబిగిన గంటల తరబడి కూర్చోబెట్టకుండా మధ్య మధ్య విరామం ఇస్తారు, ఎందుకంటే అలసిన చెవి తప్పు అంకెను సరైన అంకెగా వినేస్తుంది.

కుర్చీ మారేటప్పుడు కూడా విమానం చేతులు మారినట్టే జరుగుతుంది. కొత్తగా వచ్చినవారు రాగానే కూర్చోరు. ముందు వెనకాల నిలబడి, హెడ్‌సెట్ పెట్టుకుని, తెర చూస్తూ వింటారు. కూర్చున్నవారు ఒక్కో విమానం గురించి చెబుతారు. ఇది దిగుతోంది, దీనికి ఈ ఎత్తు ఇచ్చాను, ఇది మేఘం తప్పించుకోవడానికి ఎడమకు జరిగింది, దీన్ని పక్క కేంద్రం ఇంకా ఒప్పుకోలేదు, అని. అన్నీ అర్థమయ్యాక కొత్తవారు తీసుకున్నానని నోటితో అంటారు. ఆ మాట అన్నాకే పాతవారు లేస్తారు. లేచినా వెంటనే టీకి వెళ్లరు. చెప్పడం మరిచిందేమైనా ఉందేమోనని, ఇంకొన్ని నిమిషాలు ఆ కుర్చీ వెనకే నిలబడి వింటుంటారు.